బంతులు నాలుగు, వడ్డించేవాడు ఒక్కడు

పిల్లలూ! పెళ్ళి భోజనాలకు మీరందరూ వెళ్ళే వుంటారు. ఈమధ్య చాలాచోట్ల బల్లల మీద గిన్నెలు పెట్టి, ఎవరిది వాళ్ళే వడ్డించుకోమంటున్నారు గానీ, వరసగా విస్తళ్ళు వేసి బంతి భోజనాలు పెట్టే ఇళ్ళు ఇంకా వున్నాయి. అలాంటి పెళ్ళి ఒకటి ఊహించుకోండి.

గాడిపొయ్యి మీద పులుసు తెర్లుతోంది. గుండిగల నిండా అన్నం వుంది. జనం ఎక్కువమంది వచ్చారని పందిట్లో ఒక బంతికి బదులు నాలుగు బంతులు వేశారు. అందరూ విస్తళ్ళ ముందు కూర్చున్నారు. కానీ వడ్డించడానికి మనిషి ఒక్కడే! అతను మొదటి బంతికి అన్నం పెట్టి, రెండోది, మూడోది దాటి నాలుగో బంతికి చేరేసరికి, మొదటి బంతివాళ్ళు "పప్పేదీ?" అని కేకలు పెడుతూ వుంటారు. వంటకు లోటు లేదు. బంతులకు లోటు లేదు. తినేవాళ్ళు సిద్ధంగా వున్నారు. అయినా ఆకలి తీరడం లేదు!

ఇప్పుడు మరో దృశ్యం. పరీక్ష ఫలితాలు వచ్చే రోజు. లక్షలమంది పిల్లలు ఒకేసారి తమ నంబర్లు కొట్టి చూస్తున్నారు. తెర మీద చక్రం తిరుగుతూనే వుంది. మార్కులు మాత్రం రావు. గుండె దడదడలాడుతూ వుంటుంది. "నెట్టు బాగాలేదు" అని ఫోన్ మీద విసుక్కుంటాం. ఒక్కోసారి అది నిజమే కావచ్చు. కానీ ఒక్కోసారి ఎక్కడో దూరాన వున్న కంప్యూటర్లో, సరిగ్గా మన పెళ్ళి పందిట్లో జరిగిందే జరుగుతూ వుంటుంది. తమాషా ఏమిటంటే, అలాంటి కంప్యూటర్ని "సర్వర్" అంటారు. హోటల్లో ఇడ్లీ తెచ్చిపెట్టే ఆయన్ని పిలిచే మాట అదే. సర్వర్ అంటే వడ్డించేవాడేగా మరి!

ఆ సర్వర్ లోపల బంతులెక్కడున్నాయో, వడ్డించేవాడెవడో, అతనొక్కడే అయితే ఏం చేస్తారో చూద్దాం.

వంటశాల నెమ్మదిగా వున్న రోజులు

కంప్యూటర్లో లెక్కలు చేసేది ప్రాసెసర్. సమాచారం భద్రంగా దాచుకునేది డిస్కు. ప్రాసెసర్‌కు ఏదైనా కావాలంటే "ఫలానా చోట వున్న సమాచారం ఇవ్వు" అని డిస్కుకు ఒక అర్జీ పెట్టుకుంటుంది. డిస్కు వంటశాల అనుకుంటే, ప్రాసెసర్ విస్తరి ముందు కూర్చున్న అతిథి అన్నమాట.

మొదటి హార్డ్ డిస్కును 1956లో ఐ.బి.ఎం. కంపెనీ తయారుచేసింది. 24 అంగుళాల వ్యాసం వున్న పళ్ళేలు యాభై, ఒకదాని మీద ఒకటి గిరగిరా తిరుగుతూ వుండేవి. అంత పెద్ద యంత్రంలో పట్టేది 50 లక్షల అక్షరాలే. ఇవాళ మీ ఇంట్లో ఫోనుతో తీసిన ఒకటి రెండు ఫోటోలు పెడితే అది నిండిపోతుంది!

ఆ తర్వాత డిస్కులు చిన్నవయ్యాయి, వేగంగా తిరగడం నేర్చుకున్నాయి. అయినా తిరిగే పళ్ళెం తిరిగే పళ్ళెమే. నిమిషానికి 7200 సార్లు తిరిగే డిస్కును తీసుకోండి. సెకనుకు 120 చుట్లు. ఒక చుట్టుకు సుమారు 8.3 మిల్లీసెకన్లు. (మిల్లీసెకను అంటే సెకనులో వెయ్యోవంతు.) కావలసిన చోటు సూది కిందికి రావడానికి సగటున అరచుట్టు ఆగాలి. సూదిని మోసే చెయ్యి సరైన గీత దగ్గరికి జరగడానికి మరికొంత సేపు. మొత్తం కలిపి ఒక్కో అర్జీకి సుమారు 12 మిల్లీసెకన్లు అనుకుందాం. అంటే సెకనుకు తీరే అర్జీలు ఎనభై, అంతే.

"12 మిల్లీసెకన్లంటే రెప్పపాటు కూడా కాదుగా!" అంటారేమో. మనకు కాదు నిజమే. కానీ సెకనుకు 300 కోట్ల టిక్కులు కొట్టే ప్రాసెసర్‌కు అది 3 కోట్ల 60 లక్షల టిక్కుల కాలం!

అందుకని ఆ రోజుల్లో ఇంజనీర్లు ఒక ఉపాయం చేశారు. మీ వూరి పోస్ట్‌మాన్‌ని గమనించారా? చేతికి వచ్చిన వరసలో ఉత్తరాలు పంచుతూ తూర్పు వీధికీ పడమటి వీధికీ పదిసార్లు పరుగెత్తడు. ముందు వీధులవారీగా సర్దుకుని, ఒక చివరనుంచి మొదలుపెడతాడు. అలాగే అర్జీలన్నిటినీ ఒకే క్యూలో చేర్చి, సూది ఎక్కువ తిరగకుండా వరస సర్దేవారు. సర్దడానికి అన్నీ ఒకే చోట వుండాలి గదా! కాబట్టి ఒక డిస్కుకు ఒకే క్యూ. ఆ కాలానికి అది తెలివైన ఏర్పాటే.

గడియ దగ్గర గొడవ

తరవాత రెండు మార్పులు వచ్చాయి.

మొదటిది: ప్రాసెసర్‌లో "కోర్‌లు" పెరిగాయి. కోర్ అంటే స్వయంగా లెక్కచేయగల ఒక పూర్తి మెదడు లాంటిది. 2001లో ఐ.బి.ఎం. ఒకే చిప్పులో రెండు కోర్‌లు పెట్టింది. 2005 నుంచి మామూలు కంప్యూటర్లలోకి కూడా అవి వచ్చాయి. ఇప్పుడు పెద్ద సర్వర్లలో పదులకొద్దీ, వందకు పైగా కూడా వుంటున్నాయి.

రెండోది: తిరిగే పళ్ళేలు లేని ఎస్.ఎస్.డి. డిస్కులు వచ్చాయి. వీటిలో కదిలే భాగాలే లేవు. ఒక అర్జీ సుమారు 100 మైక్రోసెకన్లలో, అంటే సెకనులో పదివేలోవంతులో తీరిపోతుంది. పైగా ఒకేసారి ఎన్నో అర్జీలు తీర్చగలవు. మంచి ఎస్.ఎస్.డి. సెకనుకు కొన్ని లక్షల అర్జీలు తీరుస్తుంది. కట్టెల పొయ్యి పోయి వంటశాలలో వంద గ్యాస్ పొయ్యిలు వెలిగాయన్నమాట!

అప్పుడు బయటపడింది పాత ఏర్పాటులోని చిక్కు. క్యూ అనేది ఒక పుస్తకం లాంటిది. అర్జీ పెట్టదలచిన కోర్ అందులో రాయాలి. ఇద్దరు ఒకేసారి ఒకే గీత మీద రాస్తే రెండూ చెడిపోతాయి. అందుకని ఒక కోర్ రాస్తున్నంతసేపూ పుస్తకానికి గడియ వేసుకుంటుంది. దీన్ని "లాక్" అంటారు. మిగతా కోర్‌లు గడియ తీసేదాకా కాచుకుని వుండాలి. నలుగురైతే సర్దుకోవచ్చు. నలభైమందైతే? రాసే సమయం కంటే గడియ కోసం తోసుకునే సమయమే ఎక్కువవుతుంది.

ఇంకో ఇబ్బంది కూడా వుంది. ప్రతి కోరూ తను వాడే సమాచారానికి నకలు ఒకటి తన పక్కనే చిన్న గూటిలో పెట్టుకుంటుంది. మరో కోర్ వచ్చి పుస్తకంలో ఒక్క అక్షరం మార్చినా, పాత నకలు పనికిరాదు. మళ్ళీ కొత్తది తెచ్చుకోవాలి. ఇలా ఆ పుస్తకం రోజంతా ఒకరి దగ్గరనుంచి ఒకరి దగ్గరికి తిరుగుతూనే వుంటుంది. డిస్కు సెకనుకు ఎనభై అర్జీలు తీర్చే రోజుల్లో ఈ ఆలస్యం ఎవరికీ కనబడలేదు. లక్షలు తీర్చే డిస్కు వచ్చాక ఇదే పెద్ద అడ్డయి కూర్చుంది.

బంతిని విడదీశారు

క్యూల శాస్త్రానికి పుట్టిల్లు డెన్మార్క్ దేశపు రాజధాని కోపెన్‌హాగెన్. అక్కడి టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన ఎర్లాంగ్ అనే గణితజ్ఞుడు, ఫోన్ పిలుపులు ఎలా వచ్చిపడతాయో లెక్కగట్టే పద్ధతిని 1909లో ప్రచురించాడు. శతాబ్దం గడిచాక కంప్యూటర్ క్యూల కథలో ఆ వూరి పేరు మళ్ళీ వినిపించింది. కోపెన్‌హాగెన్‌లోని ఐ.టి. విశ్వవిద్యాలయానికి చెందిన బ్యోర్లింగ్, బొనే అనే ఇద్దరు, ఫ్యూజన్-ఐవో కంపెనీలోని ఆక్స్‌బో, నెలన్స్ అనే ఇద్దరితో కలిసి 2013లో ఒక పరిశోధన పత్రం వెలువరించారు. వాళ్ళు చెప్పిన మాట సులువైనదే: ఒక్క పుస్తకం కోసం కొట్టుకోవడం ఎందుకు? ప్రతి కోర్‌కూ దాని పుస్తకం దానికి ఇచ్చేయండి!

ఈ పద్ధతి 2014 జనవరిలో వచ్చిన లినక్స్ 3.13లో చేరింది. 2019లో వచ్చిన లినక్స్ 5.0 నుంచి పాత ఒంటిక్యూ పద్ధతిని పూర్తిగా తీసేశారు. డిస్కుల తయారీదార్లు కూడా వెనకబడలేదు. అంతకు ముందు వాడుకలో వున్న ఏ.హెచ్.సి.ఐ. పద్ధతిలో ఒకే క్యూ, అందులో 32 అర్జీలకే చోటు. 2011లో వచ్చిన ఎన్.వి.ఎం.ఇ. పద్ధతిలో 65,535 క్యూలదాకా పెట్టుకోవచ్చు. ఒక్కో క్యూలో 65,536 అర్జీలదాకా వుండవచ్చు!

ఇక్కడ మీకొక సందేహం రావాలి. "రైల్వే టిక్కెట్ల దగ్గర నాలుగు కిటికీలకూ కలిపి ఒకే క్యూ వుంటే మంచిది కదా? ఏ కిటికీ ఖాళీ అయితే అక్కడికి వెళ్ళవచ్చు. ఎవరికీ అన్యాయం జరగదు." మంచి ప్రశ్న. మనుషుల విషయంలో అది నిజమే. టిక్కెట్టు ఇవ్వడానికి రెండు నిమిషాలు పడితే, క్యూలోనుంచి కిటికీ దాకా నడవడానికి అయిదు సెకన్లు. ఆ అయిదు సెకన్లు ఓ లెక్కలోది కాదు. కంప్యూటర్లో అలా కాదు. క్యూలో నిలబడటానికీ దానిలోంచి బయటపడటానికీ పట్టే సమయం, అసలు పనితో పోటీపడుతుంది. అందుకే అక్కడ ఎవరి క్యూ వారిదే మేలు.

యంత్రంలో యంత్రం

కథ ఇక్కడితో అయిపోలేదు. ఇవాళ చాలా సర్వర్లు నిజానికి విడి కంప్యూటర్లు కావు! ఒకే పెద్ద కంప్యూటర్ లోపల పది, ఇరవై "మాయా కంప్యూటర్లు" నడుస్తూ వుంటాయి. వీటిని వర్చువల్ మెషీన్లంటారు. ఒకే పెద్ద ఇంటిని వాటాలు చేసి అద్దెకిచ్చినట్టు. ఇది కొత్త ఊహేమీ కాదు. 1967లోనే అమెరికాలోని కేంబ్రిడ్జ్‌లో ఐ.బి.ఎం. వాళ్ళు ఒక యంత్రాన్ని ఇలా వాటాలు చేసి నడిపారు.

వాటాలో వున్న మాయా కంప్యూటర్‌కు తాను మాయ అని తెలియనక్కరలేదు. తనకూ కోర్‌లున్నాయనుకుంటుంది. తనకూ డిస్కు వుందనుకుంటుంది. కానీ అది డిస్కు అనుకునేది, అసలు కంప్యూటర్ డిస్కులో ఒక భాగమో, ఒక పెద్ద ఫైలో. కాబట్టి అది పెట్టిన అర్జీని ఎవరో ఒకరు అందుకుని, అసలు డిస్కు దగ్గరికి తీసుకువెళ్ళి, జవాబు తెచ్చి ఇవ్వాలి. మన వడ్డించేవాడు ఇతనే! వర్చువల్ మెషీన్లను నడిపే ప్రోగ్రాముల్లో పేరుపొందినది క్యూఎము. ఫాబ్రిస్ బెలార్ అనే ఫ్రెంచి ఇంజనీరు దాన్ని మొదలుపెట్టాడు. అందులో ఈ పని చేసే భాగాన్ని ఐవోథ్రెడ్ అంటారు.

అర్జీలు మారే పద్ధతి చూడండి. మాయా కంప్యూటరూ, వడ్డించేవాడూ ఇద్దరూ చూడగలిగే ఒక పలక జ్ఞాపకశక్తిలో వుంటుంది. మాయా కంప్యూటర్ అర్జీని పలక మీద రాసి, తలుపు తడుతుంది. వడ్డించేవాడు చూసి, పని పూర్తిచేసి, "అయింది" అని రాసి, తిరిగి తడతాడు. ఆ పలకే ఇక్కడ క్యూ. ఈ పద్ధతికి వర్టియో అని పేరు.

ఇప్పుడు పెళ్ళి పందిరి గుర్తు తెచ్చుకోండి. మాయా కంప్యూటర్‌లో నాలుగు కోర్‌లు వుంటే, నాలుగు పలకలు ఇవ్వడం న్యాయం. 2020 డిసెంబరులో వచ్చిన క్యూఎము 5.2 నుంచి, ఎవరూ ప్రత్యేకంగా అడగకపోయినా ఎన్ని కోర్‌లుంటే అన్ని క్యూలు ఏర్పడుతున్నాయి. బంతులు నాలుగయ్యాయి! కానీ ఒక డిస్కుకు సంబంధించిన క్యూలన్నిటినీ చూసే ఐవోథ్రెడ్ మాత్రం ఒక్కటే. 2024 ఏప్రిల్‌లో వచ్చిన క్యూఎము 9.0లోనే, ఒక డిస్కు క్యూలను అనేక ఐవోథ్రెడ్‌లకు పంచే వీలు కలిగింది.

దీనివల్ల ఎంత తేడా వుంటుందో లెక్క వేసి చూద్దాం. ఒక అర్జీని అందుకుని, సాగనంపి, జవాబు చెప్పడానికి వడ్డించేవాడికి 5 మైక్రోసెకన్లు పడుతుందనుకుందాం. సెకనుకు 10 లక్షల మైక్రోసెకన్లు. అంటే అతను క్షణం ఆగకుండా పనిచేసినా, సెకనుకు 2 లక్షల అర్జీలే. డిస్కు సెకనుకు 8 లక్షల అర్జీలు తీర్చగలదనుకోండి. అందులో 6 లక్షలు వృథా! క్యూలు నాలుగు కాదు, నలభై పెట్టినా ఈ లెక్క మారదు. ఇంకా ఖరీదైన డిస్కు కొన్నా మారదు. వడ్డించేవాళ్ళు నలుగురైతే, ఒకరికొకరు అడ్డం రాకుండా వుంటే, 2 లక్షలు కాస్తా 8 లక్షలవుతాయి.

చాలా కొలువుల్లో డబ్బు దండగయ్యేది ఇక్కడే. పందిట్లో జనం కేకలేస్తుంటే, వంటవాణ్ణి మార్చి ప్రయోజనమేముంది? ఇరుకు ఎక్కడుందో ముందు కనిపెట్టాలి. ఒక ఐవోథ్రెడ్ ఊపిరాడకుండా పనిచేస్తూ, డిస్కు మాత్రం తీరుబడిగా కూర్చుంటే, లోపం వడ్డనలో వుందని అర్థం. డిస్కే ఆపసోపాలు పడుతూ వుంటే, ఎంతమంది వడ్డించేవాళ్ళను పెట్టినా దండగే.

సమంగా పంచడమంటే

వడ్డించేవాళ్ళు పెరిగితే చాలదు. పని సమంగా పంచాలి. పేకముక్కలు పంచినట్టు, మొదటి క్యూ మొదటివాడికి, రెండోది రెండోవాడికి, అందరూ అయ్యాక మళ్ళీ మొదటివాడికి. ఇది సులువైన పద్ధతి. అన్ని క్యూలలోనూ అర్జీలు దాదాపు సమానంగా వస్తే చక్కగా పనిచేస్తుంది.

కానీ అన్ని బంతులూ ఒకలా తినవు! ఒక బంతిలో కుస్తీ పహిల్వాన్లు, మరో బంతిలో పసిపిల్లలు కూర్చోవచ్చు. రెండు పహిల్వాన్ల బంతులూ ఒకడికే పడితే, అతను చెమటలు కక్కుతూ వుంటే పక్కవాడు గోళ్ళు గిల్లుకుంటూ వుంటాడు. అందుకని, ఏ క్యూలో బరువెంతో చూసి, బరువైనదానికి తేలికైనది జత చేసి పంచడం మంచిది.

అలాగని వడ్డించేవాళ్ళను పందిరినిండా నింపినా కష్టమే. ఐవోథ్రెడ్ పనిచేయడానికి అసలు కంప్యూటర్లోని కోర్ ఒకటి కావాలి. వడ్డించేవాళ్ళే కుర్చీలన్నీ ఆక్రమిస్తే అతిథులెక్కడ కూర్చుంటారు? ఎన్ని కావాలో కొలిచి చూసి నిర్ణయించాలేగానీ, ఎక్కువైతే ఎక్కువ మంచిదనే సూత్రం ఇక్కడ పనికిరాదు.

మీరే చేసి చూడండి

ఆరుగురు స్నేహితులు, ఒక గడియారం, నాలుగు నోటు పుస్తకాలు, నాలుగు పెన్సిళ్ళు చాలు.

మొదటి ఆట: ఒకే పుస్తకం, ఒకే పెన్సిలు బల్లమీద పెట్టండి. వారిలో నలుగురు తలా 5 వాక్యాలు రాయాలి. ఒక్క వాక్యం రాయగానే పెన్సిలు బల్లమీద పెట్టేయాలి. మొత్తం 20 వాక్యాలకు ఎంతసేపు పట్టిందో రాసుకోండి. మీరు గడియ దగ్గర తోసుకున్నారన్నమాట.

రెండో ఆట: ఎవరి పుస్తకం, ఎవరి పెన్సిలు వారికివ్వండి. కానీ ప్రతి వాక్యం కింద ఒకరు సంతకం చేశాకే తర్వాతి వాక్యం రాయాలి. సంతకం చేసేవారు ఒక్కరే. ఇప్పుడెంత పట్టింది?

మూడో ఆట: సంతకం చేసేవాళ్ళు ఇద్దరు. ఒక్కొక్కరు ఇద్దరు పిల్లల్ని చూడాలి.

నాలుగో ఆట: ఇద్దరు పిల్లలు 8 వాక్యాల చొప్పున, ఇద్దరు 2 వాక్యాల చొప్పున రాయాలి. మొత్తం 20 వాక్యాలే. ముందు 8 వాక్యాలవాళ్ళిద్దరినీ ఒకరి దగ్గరే వుంచండి: ఒకరికి 16 సంతకాలు, మరొకరికి 4. తర్వాత 8 వాక్యాలవారికి 2 వాక్యాలవారిని జతచేయండి: ఇద్దరికీ పదేసి సంతకాలు. సంతకం చేసేవాళ్ళు మారలేదు, వాక్యాలూ పెరగలేదు. మరి సమయం?

ఆలోచించండి

1. క్యూలు 8, వడ్డించేవాళ్ళు ముగ్గురు. పేకముక్కల పద్ధతిలో పంచితే ఎవరికెన్ని వస్తాయి?

2. సెకనుకు 80 అర్జీలు తీర్చే పాత డిస్కుకు నలుగురు వడ్డించేవాళ్ళను పెడితే వేగం పెరుగుతుందా? ఎందుచేత?

3. మీ బడిలో మధ్యాహ్న భోజనం దగ్గరో, కుళాయి దగ్గరో క్యూ ఆలస్యమవుతోందా? ఇరుకు ఎక్కడుంది? క్యూలోనా, గరిటె దగ్గరా, పొయ్యి దగ్గరా?

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదని సామెత. కంప్యూటర్‌లో మనవాడూ పరాయివాడూ లేరు. లెక్క ఒక్కటే వుంది. ఆ లెక్క సరిగ్గా వేస్తే కడబంతిలో కూర్చున్నవాడి విస్తట్లోకి కూడా పప్పు వేళకు వస్తుంది. ఫలితాల రోజున చిట్టచివర నంబరు కొట్టిన పిల్లవాడికి కూడా మార్కులు వేళకు కనిపిస్తాయి.